గర్జనగారి గొంతు పోయిన రోజు

ఆ ఉదయం గర్జనగారి చేతిలో ఉన్న సరుకు మూడు రకాలు: సాయంత్రం నాటకంలో న్యాయమూర్తి వేషం, చివరి వరస దాకా వినిపించే గొంతు, ఒక పథకం. ఇరవై ఏళ్లు ఆయనే నడిపిన నాటక సమాజం నెల కిందట చేతులెత్తి మరీ ఆయన భార్యను దర్శకురాలిగా ఎన్నుకుంది. పన్నెండేళ్లుగా తెర పక్కన కూర్చుని అందరికీ మరిచిపోయిన మాటలు అందించిన మనిషి ఇప్పుడు ఆయన్నే "ఇంకో రెండడుగులు వెనక్కి" అంటోంది. ప్రదర్శన రోజున ఆయన గొంతు పోతే ఆట ఆగుతుంది. ఆగితే అందరూ కాళ్ల దగ్గరికొస్తారు. వస్తే కుర్చీ తిరిగొస్తుంది. పెట్టుబడి లేని బేరం.

స్నానం ముగించి వచ్చి, కాగితం మీద "గొంతు పోయింది" అని రాసి భార్య ముందు పెట్టారు. ఆవిడ చదివి, ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది.

"అయ్యో! అయితే ఒక్క మాట కూడా మాట్లాడకండి," అంటూ మఫ్లర్ తెచ్చి మెడకు నాలుగు చుట్లు చుట్టింది.

నాటకాల హాలుకు చేరాక ఆయన ఆశించిన గగ్గోలేమీ పుట్టలేదు. "న్యాయమూర్తి డైలాగులు ఎవరికొచ్చు?" అని ఆవిడ అడగగానే మేకప్ అక్క పౌడరు డబ్బా కింద పెట్టింది.

"నాకొచ్చు. రోజూ ఈయన మొహానికి రంగేస్తూ తప్పులు దిద్దేది నేనేగా!"

గర్జనగారు గబగబా రాశారు: "న్యాయమూర్తి మగవాడు!"

"అలాగని ఎక్కడుందో చూపించండి," అంది భార్య. ఆయన పుస్తకమంతా తిరగేశారు. ఎక్కడా లేదు.

నల్లకోటును అక్క కొలతకు కుదించారు. ఆయన చేతికి తెర తాడు ఇచ్చారు. ఎవరూ ఇబ్బంది పెట్టకుండా, "మాట్లాడించకండి" అని రాసిన అట్టను భార్య ఆయన మెడలో వేలాడదీసింది.

ఆ అట్టే కొంప ముంచింది. ఎదురు మాట్లాడలేని గర్జన సమాజానికి దొరకడం అదే మొదటిసారి. ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు.

"నా నవ్వు దగ్గులా ఉందని పదిమందిలో అన్నారు గురువుగారూ. అప్పట్నుంచి ఇంట్లో కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతున్నా," అంది ముద్దాయి వేషం వేసే ఆవిడ.

"మూడు నాటకాల్లో సీన్లు నేను రాశాను బాబాయ్. పేరు మాత్రం మీదే వేసుకున్నారు," అంది లైట్లు వేసే అమ్మాయి.

ఆయన తల ఊపారు. వేరే దారి లేదు. ఊపి ఊపి మెడ పట్టేసింది.

సాయంత్రం హాలు నిండింది. తీర్పు చెప్పే ఘట్టంలో అక్క ముద్దాయి వైపు చూసి, ఆగింది. ఆయనెన్నడూ అక్కడ ఆగలేదు. చూశారు, చూశారు. మరిచిపోయిందనుకున్నారు.

"ఈమె నిర్దోషి!"

గర్జన తెర చాటు నుంచి బయలుదేరి చివరి వరస దాకా వెళ్లింది. ఆ ఊపులో తాడు జారి తెర సగం మూసుకుంది.

అక్క తొణకలేదు. సుత్తితో బల్ల మీద కొట్టింది. "ఎవరయ్యా అక్కడ అరిచేది? తీర్పు చెప్పాల్సింది నేను!"

హాలంతా పగలబడి నవ్వింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

ఆట ముగిశాక ఆయన తల ఎత్తలేకపోయారు. "నీకెప్పుడు తెలిసింది?" అన్నారు నేల చూపులు చూస్తూ.

"పొద్దున్నే. తువ్వాలు తెమ్మని బాత్రూంలోంచి వీధి చివరికి వినబడేలా అరిచారుగా."

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

"పన్నెండేళ్ల కిందట నాకు నిజంగానే గొంతు పోయింది. అరగంటలో నా వేషం ఇంకొకరికిచ్చి నన్నీ తెర పక్కన కూర్చోబెట్టారు. గొంతు నాలుగు రోజుల్లో వచ్చిందండీ. వేషమే రాలేదు."

మెడలోని అట్ట తీయబోయిన ఆయన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. అట్టను అలాగే ఉంచుకున్నారు.

జనానికి నచ్చిందని ఆ అరుపును తరువాతి ప్రదర్శనల్లోనూ ఉంచేశారు. వేషం పోయింది, పథకం పోయింది. గర్జనగారికి చివరికి మిగిలినవి ఒక తాడు, తెర వెనక నుంచి రెండే రెండు మాటలు. అవి కూడా కాస్త గొంతు తగ్గించి అనాలని దర్శకురాలిగారి ఆజ్ఞ.