మామగారు ముట్టుకోవద్దన్న కేబుల్

ఆదివారం పొద్దున నసారియో వేసుకున్న పథకం చాలా చిన్నది. వోచోకి అరిగిపోయిన యాక్సిలరేటర్ కేబుల్ మార్చాలి, చేతులు కడుక్కోవాలి, పెళ్లాంతో అత్తవారింటికి భోజనానికి వెళ్లాలి. పెళ్లై ఇంకా నెల తిరగలేదు గనక తనకు చేతకాని పని ఒకటుంటుందని అతనికి తెలియదు.

తాబేలు వీపున్న ఆ పాత కారు, వోచో, మామగారి పెళ్లికానుక. తాళాలిస్తూ దోన్ రెమీహియో, "దీనికేమన్నా అయితే తిరిగి తీసేసుకుంటాను అల్లుడూ. ఆ కేబుల్ జోలికి మాత్రం వెళ్లకు. అది నేను స్వయంగా బాగుచేసింది," అన్నారు.

వద్దన్నారు గనక నసారియో చేతులు మరీ దురదపెట్టాయి. కేబుల్ పోగులు విడిపోయి ఉంది. ఇంజిన్ వైపు కొసకు ఏదో జిడ్డు తాడు ముడేసి ఉంది.

"ఇదా మీ నాన్న బాగుచేయడం," అని దాన్ని లాగి సంచిలో వేసుకున్నాడు. "భోజనాల దగ్గర చూపిస్తాను. అల్లుడంటే ఏమిటో తెలుస్తుంది."

"తెలియకపోతేనే నయమేమో," అంది పెళ్లాం యదీరా.

ఆమె ఒళ్లో అట్టపెట్టె ఉంది. అందులో లాసో, పెళ్లిలో ఇద్దరి భుజాల మీదా కలిపి వేసిన పట్టుతాడు. దాన్ని అద్దాల పెట్టెలో బిగించి గోడకు తగిలించాలని వాళ్లమ్మ దోన్యా ఒబ్దూలియా పట్టుదల. ఆవిడ లాసో పెళ్లైన ఏడాదే మాయమైంది. ఆడపడుచు కాజేసిందని ఆవిడ నమ్మకం. పాతికేళ్లుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు.

కొండ మీది ఊరు టాస్కో. అక్కడి వీధులు నిచ్చెనలకు దగ్గరి చుట్టాలు. బయల్దేరిన కాసేపటికే, ఎత్తు మధ్యలో నసారియో పెడల్ నేలకానేలా తొక్కుతున్నా బండి గురకపెడుతూ నిలబడిపోయింది. కొత్త కేబుల్ కొసన మర బిగించడం మరిచాడు. అది కాస్తా జారి గొట్టంలో దూరింది.

వెనకాల టాక్సీలు, అవీ వోచోలే, బారులు తీరాయి. ఒక డ్రైవరు తల బయటపెట్టాడు. "కదలవయ్యా, నా ప్యాసింజరు ముసలిదైపోతోంది."

"తాడుంటే కార్బురేటరుకి కట్టి కిటికీలోంచి లాగొచ్చు," అన్నాడు నసారియో. ఇద్దరి చూపులూ అట్టపెట్టె మీద పడ్డాయి.

"వద్దు," అంది యదీరా. హారన్లు మోగాయి. "ముడి గట్టిగా వెయ్యి. తెగిందో, మా అమ్మకు నువ్వే చెప్పుకోవాలి."

అతనిది క్లచ్చు, ఆమెది తాడు.

"లాగు."

"ఎంత?"

"మనసారా."

"మనసారా లాగితే ఆ రొట్టెల కొట్లో తేలతాం."

నడిపేది ఒకటే బండి, మనుషులు ఇద్దరు. భయంలో కూడా నసారియోకి అది ముద్దొచ్చింది. బండి కుదుపులు చూసి, వెనక హారన్లు విని, జనం పెళ్లి ఊరేగింపనుకుని చప్పట్లు కొట్టారు. అదే సందడితో అత్తవారి గుమ్మం ముందు ఆగారు.

దోన్యా ఒబ్దూలియా కారు కిటికీలోంచి వేలాడుతున్న, జిడ్డుతో నల్లబడిన తాడును చూసింది. "అది లాసో కదూ?"

యదీరా ఖాళీ అట్టపెట్టె మూత మూసింది.

"చెప్పానా, ముట్టుకోవద్దని," అంటూ దోన్ రెమీహియో చెయ్యి చాపారు. "తాళాలిటివ్వు."

వోచో చేజారుతోందని నసారియో గబగబా సంచి విప్పాడు. "మీ పాత కేబుల్ చూడండి మామగారూ. ఈ జిడ్డు తాడుతో ఎన్నాళ్లు నడుస్తుంది?"

దోన్ రెమీహియో అందుకోబోయారు. అత్తగారు ముందే అందుకుంది. ఏప్రన్ కొసతో తుడిచింది. జిడ్డు కింద పట్టు. పట్టు మధ్య వెండిపూస. పూస మీద రెండు అక్షరాలు, ఆవిడ పేరుదీ, ఆయన పేరుదీ.

"రెమీహియో."

"ఆ రోజు వాన," అన్నారాయన. "కొండ మీద కేబుల్ తెగితే ఇంకో తాడు దొరకలేదు."

"మీ చెల్లెల్ని దొంగ అన్నాను. మీరు పక్కనే కూర్చుని మోలే కూర తిన్నారు."

ఈసారి వాన మీదికి నెట్టలేక, ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఆవిడ ఏప్రన్ విప్పి యదీరాని వోచో వెనక సీట్లోకి పిలిచి తనూ పక్కన కూర్చుంది. "తాళాలు నీ దగ్గరే ఉంచుకో బాబూ. పద, మా ఆడపడుచు ఇంటికి."

కిటికీలో వేలాడుతున్న తాడు ముందు సీట్లో దోన్ రెమీహియో చేతికిచ్చారు. దారి పొడుగునా ఆయన ఆవిడ లాగమన్నప్పుడు లాగారు, వదలమన్నప్పుడు వదిలారు.