ఎర్ర అంకెల మీద కిష్టవ్వ దండయాత్ర

ఓ నురుగు దేవతా! పొదుగు నుండి చెంబులోనికి దూకునప్పుడు నీవు చేయు ఆ జుయ్యిమను నాదమును క్షణకాలము మా కంఠమున నిలుపుము. రథములెక్కి రణము చేసిన వారిని పాడుటకు వేలమంది కలరు. పాలకేంద్రపు వరుసలో నిలిచి పోరాడిన ఇల్లాలిని పాడుటకు మేమైనను ఉండవలదా?

పసుపు పరిమళ భరితమైన మెట్‌పల్లికి మూడు కోసుల దూరాన, పంతొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరపు చలికాలంలో, సూర్యుడంతటివాడు మంచుదుప్పటి తీయాలా వద్దా అని తటపటాయిస్తున్న వేళ, ఎడమచేత పాలక్యాను ధరించి, కుడిచేత కొంగు బిగించి, మహిషీపాలన ధురంధర, తృణభార వహన విశారద, ఏభై ఏండ్ల కిష్టవ్వ తన గడప దాటింది. ఆమె అడుగులో ఆగ్రహముంది. ఆ ఆగ్రహానికి కారణం నిన్న సాయంత్రం ఆమె కొట్టంలోనే పుట్టింది.

బర్రెల బేరగాడు సాంబయ్య వచ్చి, బర్రె వీపు నిమిరి, "కిష్టవ్వా, దీన్ని నాకియ్యి. ఏడు పాయింట్ నాలుగు ఎన్న తీస్తున్నదట గదా. గసుంటిది ఈ ఊర్లె ఇంకోటి లేదు" అన్నాడు.

"గా లెక్క నీకెట్ల ఎర్క?"

"పాలకేంద్రం లింగారావు సారు పాల పట్టీ చూపెట్టిండు. ఊరందరిది ఉన్నది దాంట్ల."

కిష్టవ్వ బర్రె వీపు మీది అతని చేయి తీసేసింది. భర్త రాయమల్లు మస్కట్‌లో సిమెంటు మోస్తుండగా, రెండేండ్లుగా ఆ బర్రెకు తల్లీ, దాసీ, వైద్యురాలూ తానే అయింది. అలాంటి తనకు మాత్రం ఇప్పుడు ఆ వెన్నశాతపు అంకె తెలియదు. పూర్వం గాజు గొట్టాల కాలంలో పైకి తేలిన వెన్నగీతను ఎవరైనా వంగి చూడగలిగేవారు. మూడు నెలల క్రితం పాలకేంద్రానికి కరెంటు మిషిన్ వేంచేసింది. గుక్కెడు పాలు పోస్తే చాలు, దాని నుదుట ఎర్రటి అంకెలు వెలిగేవి. ఆ నుదురు ఎప్పుడూ సెక్రటరీ లింగారావు వైపే తిరిగి ఉండేది. పాలు పోసినవారికి దక్కేది దాని వీపు.

అటువంటి దుర్గంలో, బల్ల వెనుక, మఫ్లర్ కిరీటధారియై, కలం ఖడ్గపాణియై కూర్చున్న లింగారావు ఎదుట కిష్టవ్వ క్యాను దించింది. ఆయన శాంపిలు గ్లాసు చాచాడు. ఆమె క్యాను మూతిపై అరచేయి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల ఎంతొస్తదో నా కండ్లతోని చూస్త సారూ. చూసినంకనే మిగిలిన పాలు పోస్త."

"మిషిన్ సంగతి నీకేమెర్క కిష్టవ్వా. నేను రాసుకుంటున్న గదా."

"రాసుకుంటున్నవు. రాసుకున్నది సాంబయ్యకు చూపెడుతున్నవు. నాకే చూపెడుతలేవు."

లింగారావు మఫ్లర్ సర్దుకున్నాడు.

"స్కూటర్ మీద నన్ను దింపిండు, అడిగిండు, చూపెట్టిన. పాల లెక్కనే గదా. దాంట్ల దాచేదేమున్నది?"

"దాచేది లేకుంటె నాకెందుకు దాస్తున్నవు?"

ఆ వాగ్బాణానికి సెక్రటరీ పట్టీ మూసి మోచేయి కింద పెట్టుకున్నాడు. అప్పుడు కిష్టవ్వ, వెనుక నిలిచిన సమస్త క్షీరసేనకూ వినిపించేలా పలికింది: "బర్రె నాది. గడ్డి కోసింది నేను. కుడితి పెట్టింది నేను. దాని పాలల్ల ఎన్నెంతనో బేరగానికి ఎర్క, సెక్రటరీకి ఎర్క. నాకు ఎర్కలే. గిదేం నాయం సారూ?"

లింగారావు తన ఆఖరి అస్త్రం తీశాడు. "తిప్పుదామన్నా తిరగది. వైరు పొట్టిగున్నది." నిజమే. వెనుక గోడ నుండి మిషిన్ దాకా ఆ నల్లని తీగ, ఎక్కుపెట్టిన వింటినారిలా బిగుసుకుని ఉంది. అంతలో మూలమలుపు దగ్గర మెట్‌పల్లి వ్యాను హారన్ మోగింది. అది ఎక్కువసేపు ఆగదు. అది పోతే నలభై ఇండ్ల పాలు అక్కడే మిగిలిపోతాయి.

"జర జల్ది కానియ్యి వదినె, పాలు ఇరుగుతయి" అన్నాడు హనుమండ్లు.

పక్కింటి బాలవ్వ మాత్రం కిష్టవ్వ మోచేయి పట్టి చెవిలో గొణిగింది. "అక్కా, మిషిన్ ఇటు తిప్పితె అందరిది అందరికి కనబడతది. నా పాలు జర పల్చగుంటయి. నా ఇజ్జత్ ఏంగావాలె?"

కిష్టవ్వ ఆగిపోయింది. బాలవ్వ ఇంటి వెనుక బావి ఎంత ఉదారమైనదో ఆమెకు తెలుసు. కానీ నిన్న సాంబయ్య నోట తన అంకె విన్నప్పుడు కలిగిన మంట కూడా ఇంకా చల్లారలేదు. తాను గెలిస్తే బాలవ్వకు అదే మంట అంటుకోవాలా?

"నీది నేను చూడ. నాది నువ్వు చూడకు" అంది చివరకు. "ఎవ్వల పాలు వాళ్లే చూసుకుందం." తర్వాత తీగ వైపు, గోడ వైపు, బల్ల వైపు చూసి, "వైరు పొట్టిదైతె బల్లనే గోడ దిక్కు జరిపి తిప్పుదం" అంది.

ఒక కాలు కిష్టవ్వ పట్టింది. ఒక కాలు హనుమండ్లు పట్టాడు. మూడోది, కాసేపు ఆలోచించి, బాలవ్వ పట్టింది. నాలుగోది పట్టేవారు లేక అందరూ చూస్తుండగా, లింగారావు నిట్టూర్చి, కలం చెవిలో దోపుకుని తానే వంగాడు. బల్ల కిర్రుమంది. మూరెడు జరిగి, మిషిన్ నుదురు ఇరువైపులా కనబడేలా వాటంగా తిరిగింది. తీగ తెగలేదు, పైగా కొంచెం వదులైంది.

కిష్టవ్వ కొంగును తెరలా చాచి వరుసకు అడ్డం పెట్టింది. గ్లాసులో పాలు పోసింది. అంకెలు గజిబిజిగా పరుగెత్తి నిలిచాయి. ఆరు పాయింట్ ఎనిమిది.

"సాంబయ్య ఏడు పాయింట్ నాలుగన్నడు?" అంది మెల్లగా.

"గది పోయిన వారంది. మేతను బట్టి మారుతది" అన్నాడు లింగారావు, ఆయనా గొంతు తగ్గించి.

రెండు దినాల నుండి పత్తిచెక్క అయిపోయి వట్టిగడ్డే వేస్తున్న సంగతి ఆమెకు తటాలున గుర్తొచ్చింది. మనసు చిన్నబోయింది, ఆ వెంటనే తేలికైంది. బర్రె తనతో మాట్లాడినట్టే అనిపించింది. లింగారావు పట్టీని సొరుగులో పెట్టి తాళం వేశాడు. "ఇగ మిమ్ములనడగక ఎవ్వలకు చూపెట్ట" అన్నాడు. తర్వాత బాలవ్వ తన కొంగు తానే చాచుకుని మిషిన్ ముందు నిలబడింది.

వ్యాను డ్రైవరు దేవదాస్ లోపలికి తొంగిచూశాడు. "ఏమైంది, గింత లేటు?"

"బల్ల జరిపినం" అంది కిష్టవ్వ.

"గంతేనా?"

"గంతే."

ఈ విధముగా, సకల జనులారా, ఆ దినమున మూరెడు నేల జయింపబడెను. నలువది ఇండ్ల వారు తమ తమ అంకెలను తమ తమ కొంగుల చాటున, తువ్వాళ్ల చాటున చూచుకొనిరి. రక్తపాతము శూన్యము. ఒలికిన పాలు అరగ్లాసు.