అన్నీ పాడే పెట్టె, అల్మరాలో పరుపులు

తబుచి వారింటాయన మూలమీది ఎలక్ట్రానిక్స్ దుకాణం నుంచి పసిబిడ్డను హత్తుకున్నట్టు ఓ పెద్ద అట్టపెట్టెను గుండెకు హత్తుకుని, వీధి గుమ్మం వదిలేసి దొడ్డిదారిన ఇంట్లోకి వెళ్ళాడని పక్కింటి నొబుయే చేపల కొట్లో చెప్పిందట. ఆ మాటను చేపల కొట్టావిడ, బురి చేప ముక్కలు కాగితంలో చుడుతూ, తబుచి వారింటావిడ మిసావో చెవినే వేసింది. తను మాత్రం ఏమీ చూళ్ళేదనీ, నొబుయే గారు అంటేనే విన్నాననీ చెప్పి, చేపల తొట్టిలోనే చేతులు కడిగేసుకుంది.

మిసావో డబ్బులిచ్చి చేప సంచిలో వేసుకుంది. అట్టపెట్టెలో ఏముంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె మొగుడు షూజో, హిమి రేవులో వలల కర్మాగారం నుంచి రిటైరైన దగ్గర్నుంచీ డిస్కుల మీద పాటలు వినే పిచ్చిలో పడ్డాడు. పడ్డవాడు ఒక్క యంత్రంతో ఊరుకున్నాడా అంటే లేదు. మామూలు డిస్కులకు ఒకటి. వాటికంటే మేలురకమని చెప్పి అమ్మే డిస్కులకు ఇంకొకటి. చూడ్డానికి సినిమా డిస్కులా ఉండి, బొమ్మ లేకుండా పాట మాత్రం వినిపించే వాటికి మూడోది. నీలి వెలుగుతో చదివే కొత్తరకానికి నాలుగోది. ఈ నాలుగూ కలిసి చాపల గదిలోని గోడ అల్మరాను ఆక్రమించుకున్నాయి. పెళ్ళయిన నాటినుంచీ పగలు మడిచి అందులో పెట్టుకునే పరుపులూ బొంతలూ నడవలోకి వచ్చి పడ్డాయి.

అప్పటినుంచీ ఆ ఇంట్లో స్నానానికి వెళ్ళాలంటే పరుపుల గుట్ట ఎక్కి దిగాల్సిందే. కిందటి వసంతంలో ఆ గుట్ట మీంచి జారి మిసావో ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పించుకుని వచ్చిన రోజునే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఏమైనా కానీ, ఆ పరుపులు తిరిగి అల్మరాలోకి వెళ్ళాలి. ఇప్పుడు ఇంకో చలికాలం ముంచుకొస్తోంది. నడవలో చెమ్మకు బొంతలకు అప్పుడే బూజు వాసన పట్టింది.

అన్ని రకాల డిస్కులూ పాడే పెట్టె ఒక్కటే దొరుకుతుందటగా, అది కొనుక్కుని ఈ నాలుగింటినీ సాగనంపొచ్చుగా అని ఆమె ఒకసారి అడిగింది. షూజో ఎవరైనా విన్నారేమోనని కిటికీ వైపు చూశాడు. అతని భయమంతా కుజుమి గారి గురించి. కుజుమి గారు ఆ ఊళ్ళో పళ్ళ డాక్టరుగా పనిచేసి మానేసిన మనిషి, షూజో సభ్యుడిగా ఉన్న శ్రోతల సంఘానికి అధ్యక్షుడు. ఒక రకం డిస్కుకు ఒక యంత్రం అనేది ఆయన సిద్ధాంతం. అన్నీ పాడే పెట్టె అంటే సుషీ చుట్టి, జుట్టు కత్తిరించి, బూట్లు కూడా కుట్టిచ్చే కొట్టులాంటిదని ఆయన తరచూ అంటూండేవారు. జీవితమంతా పళ్ళు తొలిచే మోత విన్న చెవులకు అంత నాజూకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మిసావోకు అనుమానం. కానీ సంఘం మొత్తానికి ఆ చెవులే తీర్పు చెప్పేవి.

చేపల కొట్లో ఆ మాట విన్న మర్నాడు మునిసిపాలిటీ బండి పెద్ద సామాన్ల చెత్త తీసుకెళ్ళే రోజు. ఆ మధ్యాహ్నమే సంఘం వాళ్ళు షూజో ఇంటికి వస్తున్నారు కూడా. ఇంట్లోకి ఒక అట్టపెట్టె వచ్చిందంటే ఒక అట్టపెట్టె బయటికి పోవాలని మిసావో లెక్క. పొద్దున్నే మొగుడు ఇంకా గురకపెడుతూండగా దొడ్లో కొట్టం తలుపు తీసింది. పాడైపోయిన కిరోసిన్ హీటరు అట్టపెట్టె ఎదురుగానే కనిపించింది. ఎత్తితే బరువుగా తగిలింది. లోపల నూనె మిగిలిపోయిందేమో అనుకుంది గానీ, విప్పి చూసే ఓపిక లేదు. మునిసిపాలిటీ స్టిక్కరు అంటించి, తోపుడుబండి మీద పెట్టి, వీధి చివర చెత్త పెట్టే చోట దించి వచ్చింది. మనసు తేలికైంది. వస్తూ వస్తూ కూనిరాగం కూడా తీసింది.

టిఫినయ్యాక షూజో దొడ్లోకి వెళ్ళి, మొహంలో నెత్తురుచుక్క లేకుండా తిరిగొచ్చాడు.

"కొట్టంలో హీటరు పెట్టె ఉండాలి, ఏదీ?"

"పారేశాను."

"పారేశావా? నన్నో మాట అడక్కుండానే?"

"పాడైపోయిన హీటరుకి మిమ్మల్ని అడిగేదేముంది? పోయిన యేడు మీరేగా దాన్ని కాలితో తన్నారు."

షూజో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ హీటరుతో తనకు ఎన్నో జ్ఞాపకాలున్నాయని గొణిగి, ఇంటి చెప్పులతోనే సైకిలు తోసుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు. మిసావో గుమ్మం దాకా వెళ్ళి చూసింది. ముసలితనంలో మతి తప్పడం ఇలాగే మొదలవుతుందని ఆరోగ్యకేంద్రంలో చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. షూజో తిరిగి రాలేదు. చెత్త పెట్టే చోట అట్టపెట్టె లేదు, బండి వచ్చి వెళ్ళిపోయింది. అతను సైకిలెక్కి నేరుగా ఊరిబయట మునిసిపాలిటీ చెత్తదిబ్బకు వెళ్ళాడు.

కానీ అట్టపెట్టె బండెక్కలేదు. ఆ నెల వీధి చెత్తకు కాపలా వంతు నొబుయేది. హీటరు పెట్టేముందు అందులో నూనె వంపేయాలని నియమం. ఒక్క ఇల్లు తప్పినా బండివాళ్ళు ఎర్రకాగితం అంటించి వదిలిపోతారు, వీధి వీధంతా తలదించుకోవాలి. అందుకని నొబుయే పెట్టె విప్పి చూసింది. లోపల హీటరు లేదు. నల్లగా మెరుస్తున్న కొత్త యంత్రం ఉంది, పైన పల్చటి ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు. నొబుయేకు అంతా అర్థమైపోయింది. మొగుడు చాటుగా తెచ్చిన యంత్రాన్ని పెళ్ళాం కనిపెట్టి, స్టిక్కరంటించి వీధిలో పారేసింది. అంటే ఆ కాపురం ఈ పూటో రేపో విడాకులకెక్కుతుంది. బంగారంలాంటి వస్తువును చెత్తబండికి ఇవ్వడానికి చేతులు రాక, తన ఇంటికి మోసుకెళ్ళి దాచింది. దాచి ఊరుకోలేక చేపల కొట్టుకు వెళ్ళింది.

మధ్యాహ్నం కాకముందే మిసావో కిటికీలోంచి చూస్తే, వీధిలో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని తన ఇంటివైపే వస్తున్నారు. మొదట ఆమెకు తట్టింది నడవలో పరుపులు. అవి పరాయి కళ్ళ పడితే ఊళ్ళో తలెత్తుకోగలదా? ఒక్క ఉదుటున అల్మరా తలుపు జరిపి, బట్టలు తగిలి మంటలు లేస్తాయేమోనన్న భయంతో నాలుగు యంత్రాల వైర్లూ పీకేసి, పరుపులన్నీ వాటి మీద కుక్కి, భుజంతో తలుపు తోసి మూసింది.

వచ్చినవాళ్ళు ముల్లంగి, బురి చేప కలిపి ఉడికించిన కూర తెచ్చారు. ఎవరూ గొంతు పెంచి మాట్లాడలేదు. చేపల కొట్టావిడ మిసావో చెయ్యి పట్టుకుంది.

"ఓర్చుకో మిసావో. మగాళ్ళకి ఈ వయసులో ఏదో ఒకటి పట్టుకుంటుంది."

మొగుడికి మతి తప్పిన విషయం ఊరంతా పాకిందనుకుని మిసావోకు కళ్ళు చెమర్చాయి. "ఎప్పుడు మొదలైందో కూడా తెలీలేదు అక్కయ్యా. పొద్దున ఆ హీటరు కోసం ఏడ్చారు."

"హీటరు కూడా నువ్వే ఉంచుకుంటానన్నావా?"

"నేనెందుకు ఉంచుకుంటాను? చెత్తలో పారేశాను."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆస్తి పంపకాల దాకా వచ్చిన గొడవలో ఇక మాటసాయం పనికిరాదని, గిన్నెలు అక్కడే పెట్టి లేచారు. దారిలో కుజుమి గారు ఎదురైతే, ఆ విడాకుల మాట ఆయన చెవినా వేశారు.

శ్రోతల సంఘం వచ్చేసరికి షూజో చెత్తదిబ్బ నుంచి అప్పుడే తిరిగొచ్చాడు, చేతులనిండా తుప్పు. కుజుమి గారు ఆస్పత్రిలో రోగిని చూడబోయినట్టు ఖరీదైన ఖర్బూజా ఒకటి పట్టుకొచ్చారు. కొయ్యబారిన మొహంతో చాప మీద మోకాళ్ళేసి కూర్చుని, భార్యాభర్తల్ని చెరోవైపు కూర్చోమన్నారు. వెనక మరో ఇద్దరు సభ్యులు తలలు దించుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడు నొబుయే, గుడ్డలో చుట్టిన బరువేదో మోసుకొచ్చి ఇద్దరి మధ్యా దించి ముడి విప్పింది.

"దీనికోసం కాపురం పోగొట్టుకుంటారా? ఇదిగో, జాగ్రత్తగానే ఉంది. డాక్టరుగారి ఎదుట రాజీపడండి."

నల్లటి యంత్రం మీద పల్చటి పొర తళతళలాడింది. మిసావో ఏమిటిది అన్నట్టు చూసింది. షూజో మాత్రం అంతా బయటపడిందనుకుని నుదురు చాపకు ఆనించాడు.

"క్షమించండి డాక్టరుగారూ. కొన్నాను. అన్ని డిస్కులూ పాడే పెట్టె. హీటరును మూలకు నెట్టి, దాని పెట్టెలో దాచాను."

మిసావోకు ఒక్కొక్కటే అర్థమవసాగింది. మొగుడికి మతి తప్పలేదు. అతను తెచ్చింది అయిదో యంత్రమూ కాదు, నాలుగింటిని పంపించేసే యంత్రం. దాన్ని తన చేత్తోనే చెత్తలో పెట్టి వచ్చింది. ఆమెకు నవ్వాలో ఏడవాలో తోచలేదు.

కుజుమి గారికి ఆ సందేహం లేదు. "విడాకులైతే సర్దిచెబుదామని వచ్చాను," అన్నారు. "ఇది మాత్రం నా చేతుల్లో లేదు."

ఆ పెట్టెకు వెంటనే పరీక్ష జరగాలన్నారు. సంఘంలో పరీక్షకు ఒక పద్ధతి ఉంది. మడత తెర వెనక ఇంటావిడ కూర్చుని డిస్కులు మారుస్తుంది. ఒక్కో డిస్కు రెండుసార్లు పాడాలి, ఒకసారి దాని సొంత యంత్రంలో, ఒకసారి కొత్త పెట్టెలో. ఏది ముందన్నది ఆవిడ ఇష్టం. ఏది సొంత యంత్రమో వినేవాళ్ళు చెప్పాలి. కుజుమి గారు విసనకర్ర విప్పారంటే, తిరిగి మూసేదాకా ఎవరూ పెదవి కదపకూడదు. ఆ నియమం తప్పినందుకు ఒక సభ్యుణ్ణి ఒకప్పుడు సంఘంలోంచి తీసేశారు కూడా.

షూజో కొత్త పెట్టెను తెర వెనక ఆంప్లిఫయరుకు తగిలించి, మిగతావి ఎప్పట్లా అల్మరాలో వైర్లు తగిలించే ఉన్నాయనుకుని వచ్చి కూర్చున్నాడు. మిసావో అల్మరా తలుపు వైపు చూసింది. తెరిస్తే పరుపులు మీద పడతాయి.

"డాక్టరుగారూ, ఒక్క మాట," అంది తెర వెనకనుంచి.

విసనకర్ర విచ్చుకుంది. ఆమె దగ్గింది. కుజుమి గారు పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. సరే, మీ ఇష్టం అనుకుని మిసావో మొదటి డిస్కును కొత్త పెట్టెలోనే పెట్టింది. అది అయ్యాక తీసి, తుడిచి, మళ్ళీ అందులోనే పెట్టింది. నాలుగు డిస్కులూ అలాగే నడిచాయి. వయొలిన్లు ఏడ్చాయి, గుడిగంట మోగింది, చివరికి బొగ్గు రైలు కొండ ఎక్కింది.

విసనకర్ర మూసుకోగానే కుజుమి గారు తీర్పు మొదలుపెట్టారు. గంట మొదటిసారి మోగినప్పుడు మంచు కురిసిన గుడి ఆవరణ కనిపించిందట, రెండోసారి బజారు కనిపించిందట. రైలు రెండోసారి వచ్చినప్పుడు ముక్కుకు బొగ్గు వాసన తగిలిందనీ, మొదటిసారి రైలు కాదు ఇస్త్రీపెట్టె ఆవిరనీ అన్నారు. సభ్యులిద్దరూ తలూపారు. అందరికంటే ఎక్కువగా తలూపింది షూజో. సొంత పెట్టెను అంత తొందరగా వదులుకున్న మొగుణ్ణి మిసావో తెర సందులోంచి చూసి, రాత్రికి ఆ కూరలో అతనికి చేప ముక్క లేకుండా ముల్లంగే పెట్టాలని నిశ్చయించుకుంది.

"ఆ బొగ్గు వాసన ఇచ్చిన యంత్రానికి ఒక్క నమస్కారం పెట్టాలి," అని కుజుమి గారు లేచి, తెర దాటి, మిసావో చెయ్యి చాపేలోగా అల్మరా తలుపు జరిపేశారు.

పరుపులు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. మొదట పరుపు, దానిమీద బొంత, ఆ మీద చలికాలపు దుప్పట్లు. సభ్యులు పరిగెత్తుకొచ్చేసరికి కుజుమి గారి తల ఒక్కటే పైకి కనిపిస్తోంది, చెవి మీద బోడి ప్లగ్గు ఒకటి వేలాడుతోంది. మిగతా మూడూ గోడ వెంబడి ఊగుతున్నాయి. షూజో ఆ వైర్లను చూశాడు, ఆంప్లిఫయరును చూశాడు.

"మరి ఇందాక పాడిందేది?"

మిసావో నల్లటి పెట్టెను వేలితో చూపింది. "మొత్తం అదే. రెండుసార్లూ అదే. చెబుదామంటే ఆయన విసనకర్ర విప్పారు."

షూజో వెన్ను నిటారుగా అయింది. అంతవరకు తల ఊపిన మెడ ఇదేనా అన్నట్టు నిలబడింది. ఒక సభ్యుడు ఈ పెట్టె ఏ కొట్లో దొరుకుతుందని అతని చెవిలో అడిగాడు. రెండో ఆయన గొంతు సవరించుకుని, తన కారు షెడ్డులో నిరుటినుంచీ ఇలాంటిదే ఉందనీ, తలుపులేసుకుని వింటున్నాననీ చెప్పేశాడు. నొబుయే అప్పుడే వీధి గుమ్మం దాటింది. ఆమె చేపల కొట్టుకు చేరేలోగా అల్మరా ఖాళీ అయింది. నాలుగు యంత్రాలనూ తలో చెయ్యీ వేసి కొట్టంలోకి మోశారు. మిసావో ఒక్కో పరుపూ దులిపి, మడిచి, అల్మరాలో పేర్చడం మొదలుపెట్టింది.

కుజుమి గారు చివరి బొంత మీద ఇంకా కూర్చునే ఉన్నారు. జుట్టు సర్దుకుని, విసనకర్ర వెతుక్కుని, సిద్ధాంతం ఎప్పటికీ సిద్ధాంతమేనన్నారు.

"నువ్వే చెప్పమ్మా. సంగీతమంటే ప్రాణం పెట్టేవాడు ఇలాంటి కలగూరగంప పెట్టె ఎందుకు కొనాలి?"

మిసావో ఆయన కిందనుంచి బొంత లాక్కుంది.

"స్నానాలగదికి నడిచి వెళ్ళడానికి."