వన్ బై టూ దిగ్విజయం

సహ్యాద్రి కొండల్లో పుట్టి, నాలుగు రాష్ట్రాల రాళ్ళనొరుసుకుని, ప్రతి ఆనకట్ట దగ్గరా ఆగి, అడిగిన కాలువకల్లా పంచి, మిగిలిన నీటితో దివిసీమను కౌగిలించుకుని సముద్రుడి వాకిట నిలిచిన కృష్ణవేణీ మహానది తీరాన; రొయ్యల చెరువుల్లో నీటికి గాలి చిలికే ఏరేటర్లు తిరిగి తిరిగి అలసిన ఉషఃకాలాన; బందరు పోయే తొలి బస్సు ఇంకా కళ్ళు నులుముకుంటున్న శుభముహూర్తాన; కార్తీకపు చలిగాలి రేవు మీదుగా వచ్చి చెవుల్లో దూరుతుండగా, నాగాయలంక బస్టాండు ఎదుట, ఒక రేకుల పందిరి కింద, పాలగిన్నె పొంగింది.

వినండి. యుద్ధం అక్కడే మొదలైంది.

ఆ పందిరి వైపు అడుగులు వేస్తున్నవాడు సామాన్యుడు కాడు. ద్వాత్రింశద్వర్ష కండక్టరీ ధురంధరుడు, టికెట్టులేని ప్రయాణికుల పాలిటి కాలభైరవుడు, ఫుట్‌బోర్డు వీరుల గర్వభంజనుడు, ఒక్క ఈలతో మహారథాన్ని నడిపి మరొక్క ఈలతో నిలిపిన నరసింహారావు. వయసు అరవై ఏడు. రిటైరై తొమ్మిదేళ్ళు. భార్య పోయి ఆరేళ్ళు. కోపం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

ఈ మహావీరుడికి లోకంలో ఒకే ఒక్క దైవం, టీ. తల్లిపాలు మాన్పించిననాడు ఏడుస్తుంటే మేనత్త వేలు టీలో ముంచి నాకించిందట. ఏడుపు ఆగింది, భక్తి మొదలైంది. గుడివాడలో అల్లం టీ, పామర్రులో యాలకుల టీ, బందరులో నాలుక మీద నల్లని ముద్ర వేసే చిక్కటి టీ, అవనిగడ్డలో పేరుకు మాత్రమే టీ. ఇలా తన రథయాత్ర సాగిన దారి పొడవునా ఏ పొయ్యి మీద ఏ గడియకు ఏ టీ మరుగుతుందో ఆయనకు కంఠస్థం. బస్సు టైం ప్రకారం ఆగేదని ప్రయాణికులు అనుకునేవారు. అది డికాక్షను ప్రకారం ఆగేది.

ఆ పందిరి హనోకు అనే ఆయన టీకొట్టు. అక్కడ నరసింహారావు తాగేది ఒకటే, వన్ బై టూ. ఒక టీని రెండు గ్లాసుల్లోకి చీల్చి ఇస్తారు, ఇద్దరు తాగుతారు. ఆయనా, ఆయన భార్య చిట్టెమ్మా. ఆవిడ రేవులో చేపల గంప దించి వచ్చేసరికి ఆయనకు డ్యూటీ వేళయ్యేది. మొగుడూ పెళ్ళాలు రోజు మొత్తం మీద కలిసి కూర్చునేది ఆ సగం సగం టీ చల్లారేంతసేపే. ఆవిడ పోయాక కూడా హనోకు రెండు గ్లాసులే పెట్టాడు. ఇదేమిటని హనోకు అడగలేదు. అడిగినా నరసింహారావు చెప్పేవాడు కాడు. మొదటి సగం రోడ్డుకేసి చూస్తూ తాగేవాడు, రెండో సగం ఏటికేసి చూస్తూ తాగేవాడు. ఆరేళ్ళు అలాగే గడిచింది.

హనోకుకు మోకాళ్ళు అరిగాయి. గరిటె కూతురు కృపావతి చేతికి వచ్చింది. గరిటెతోపాటు ఒక అట్టముక్క కూడా వచ్చి స్తంభానికి వేలాడింది. దాని మీద సుద్ద అక్షరాలతో ఒక శాసనం: "వన్ బై టూ ఇద్దరికే."

"కృపమ్మా, వన్ బై టూ," అన్నాడు వీరుడు, శాసనం చూడకుండానే.

"రెండో ఆయన ఎవరండీ?"

"రెండో ఆయనేంటి?"

"బోర్డు చూడండి బాబాయిగారూ. ఉన్నవి పద్నాలుగు గ్లాసులు. బస్సు టైముకి ఇరవై మంది మీద పడతారు. మీరొక్కరే రెండు గ్లాసులు పట్టుకుని అరగంట కూర్చుంటే, మిగతావాళ్ళకి దోసిట్లో పొయ్యమంటారా?"

"మీ నాన్న ఇచ్చేవాడు."

"ఆ రెండో గ్లాసు కడిగి కడిగే మా నాన్న మోకాళ్ళు పోయినయ్యి. అదే టీ అండీ, ఒకే గ్లాసులో పోస్తా. ఫుల్‌గా తాగండి, ఎవరొద్దన్నారు?"

అంతట ఆ కండక్టర్ కులతిలకుడు నేత్రద్వయం ఎర్రబారగా, శ్వేతభ్రుకుటి ముడివడగా, దక్షిణహస్తాన్ని రేకుల దాకా ఎత్తి, దిక్కులు పిక్కటిల్లేలా ఇలా ప్రతిజ్ఞ చేశాడు: "ఓ క్షీరపాత్రాధీశ్వరీ! వినుము! సూర్యుడు బందరు వైపు అస్తమించుగాక! కృష్ణ వెనుదిరిగి పులిగడ్డకు ఎదురెక్కుగాక! అర్ధపాత్రలు రెండు నా ఎదుట నిలువనంత కాలము, ఈ కంఠమున తేనీటి బొట్టు దిగదు! పూర్ణపాత్ర నా పెదవికి సోకదు! దిక్పాలకులారా, సాక్ష్యము!"

ఇదంతా మనసులో. పైకి "అయితే వద్దులే" అని లేచి వెళ్ళిపోయాడు.

మొదటిరోజు మధ్యాహ్నానికి శిరోవేదన అనే శత్రువు కుడి కణతను ఆక్రమించి గుడారాలు వేశాడు. రెండోరోజు ఎడమ కణత పట్టుబడింది. మూడోరోజు రెండు సైన్యాలూ నడినెత్తిన కలుసుకుని భేరీలు మోగించాయి. విధిలేక ఆయన స్వయంగా స్టవ్ వెలిగించాడు. పాలు విరిగాయి. పెరట్లో పారబోస్తే పిల్లి వచ్చి వాసన చూసి, ఆయన ముఖం ఒకసారి చూసి, గోడ దూకింది.

ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుంటే సరిపోయేది. పాఠకులకు తేలికగానే ఉంటుంది. కావలసింది బంగారం కాదు, భూమి కాదు, సగం టీ పంచుకునే ఒక్క మనిషి. కానీ ఊరి జనంలో సగాన్ని ఆయన ఎప్పుడో ఒకప్పుడు బస్సు దింపాడు. మిగతా సగాన్ని ఎక్కనివ్వలేదు. పెళ్ళికి పిలిచినవాళ్ళ కార్డులో పేరు తప్పుందని పెళ్ళే మానుకున్నాడు. పలకరించినవాడికి పలకలేదు. పలకరించనివాడిని క్షమించలేదు. మూడు దశాబ్దాలుగా శ్రమకోర్చి కట్టుకున్న ఒంటరితనం అది. ఇటుక కూడా కదలదు.

నాలుగోరోజు ఉదయం, శిరస్సున తుండుగుడ్డ బిగించి, మిత్రసంపాదనకు బయలుదేరాడు. పందిరి కింద మొదట దొరికినవాడు రొయ్యల చెరువు కళ్యాణ్. ముప్పై నాలుగేళ్ళవాడు, ఆరడుగుల పైమాట.

"కళ్యాణ్, టీ తాగుతావా? సగం నీకు, సగం నాకు."

కళ్యాణ్ ఫోన్ జేబులో పెట్టి నెమ్మదిగా లేచాడు. పందిరి ఎత్తు చాలలేదు, తల వంచాల్సి వచ్చింది.

"మావయ్యగారూ, నేను ఐదో క్లాసులో ఉన్నప్పుడు మా అమ్మ నాకు హాఫ్ టికెట్టడిగింది. గుర్తుందా? బస్సులో రాడ్డుకి ఆనించి నిలబెట్టారు నన్ను."

"పొడుగున్నావ్."

"'వీడు హాఫైతే నేను పావు' అన్నారు! బస్సంతా నవ్వింది. ఆ రోజు నుంచి బళ్ళో నా పేరు ఫుల్ టికెట్టు. పెళ్ళిలో మా బావమరుదులు కూడా అదే పేరు పెట్టి పిలిచారు. ఇవాళ్టికీ నా చెరువు దారి ఎవరన్నా అడిగితే, ఫుల్ టికెట్టు చెరువా అంటారండీ!"

"అయితే ఇప్పుడేంటంటావ్?"

"నాకు హాఫ్ వర్తించదు మావయ్యగారూ, మీరే చెప్పారు. కృపక్కా! ఒక ఫుల్ టీ!"

ఆ నిర్దయుడు ఆ టీని అక్కడే నిలబడి, గుక్క గుక్కకూ ఆహా అంటూ, పదకొండు నిమిషాలు తాగాడు. ఆవిరి గాలికి వంగి నేరుగా నరసింహారావు ముక్కు దగ్గరకే వచ్చింది. అంతటి బాణం ఏ అమ్ములపొదిలోనూ ఉండదు. ఆ తర్వాత అడిగిన ఇద్దరిలో ఒకడు తీరిక లేదన్నాడు, మరొకడు షుగరన్నాడు. షుగరున్నవాడు పావుగంటకు అదే పందిరి కింద క్రీం బన్ను కొరుకుతూ కనబడ్డాడు.

ఐదోరోజు వీరుడు యుద్ధానికి రాలేదు. బెంచీ చివర ఊరికే కూర్చోవడానికి వచ్చాడు. వాసన చూడడానికి శాసనం అడ్డురాదు కదా.

అప్పుడు రేవు వైపు నుంచి భటభటారావాలతో, వెనుక ఐసు పెట్టె కట్టుకుని, ధూళి లేపుతూ ఒక మోటారుసైకిలు వచ్చి ఆగింది. దిగినవాడు రత్నం, చేపల వ్యాపారి. చనిపోయిన చిట్టెమ్మకు సొంత తమ్ముడు. నరసింహారావుకు సాక్షాత్తు బావమరిది. ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. నరసింహారావు ఆరింటికి వస్తాడని రత్నం ఏడింటికి వచ్చేవాడు. ఇవాళ పడవ ముందే ఒడ్డుకొచ్చింది, సరుకు బందరు చేరాలి.

మాటలు పోవడానికి కారణం ఏమంటే, చిట్టెమ్మ పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళకు నరసింహారావు స్వహస్తాలతో టీ పెట్టి ఇస్తే, ఈ రత్నం ఒక గుక్క తాగి, పదిమందిలో, "టీ పల్చగా ఉంది" అన్నాడు. ఎవరి ఇంట్లో, ఏ రోజున, ఎవరితో! నరసింహారావు ట్రే ఎత్తుకుని లోపలికి పోయాడు. మళ్ళీ ఆ ముఖం చూడలేదు.

"కృపమ్మా, వన్ బై టూ," అన్నాడు రత్నం, బెంచీ చివర ఎవరున్నదీ గమనించి కూడా గమనించనట్టు.

"మీ పార్టనరేడి మావయ్యా?"

"జొరం. నాకు సగమే పొయ్యి. ఫుల్ తాగితే డాక్టరు తిడతాడు."

"కుదరదు. ఇద్దరుండాలి." కృపావతి గరిటె ఆపి ఆ చివరా ఈ చివరా చూసింది. "ఆయనా సగమే అడుగుతున్నాడు. నువ్వూ సగమే. లెక్క నేను చెప్పాలా?"

ఉభయ సేనలూ స్తంభించాయి. ఒక వీరుడు ఎదుట బస్టాండులో ఆగి ఉన్న బస్సు నంబరు ప్లేటు చదవసాగాడు. మరొక వీరుడు ఐసు పెట్టె తాడు బిగించసాగాడు, అది బిగుతుగానే ఉంది.

"ఆయన్ని అడుగమ్మా," అన్నాడు నరసింహారావు నంబరు ప్లేటుతో. "టీ పల్చగా ఉంటుందేమో, ఆయనకి పడుద్దో లేదో."

రత్నం తాడు వదిలాడు. "ఆయనకి చెప్పమ్మా, ఆ రోజు నేనన్నదాంట్లో సగమే విన్నాడని. టీ పల్చగా ఉంది అన్నా. ఉంది కాబట్టే అన్నా. ఈలోపు ట్రే ఎత్తుకుని పోయాడు. 'అక్క చెయ్యి పడకపోతే ఇంతే' అని మిగతా సగం ఎవరికి చెప్పుకున్నా? ఖాళీ కుర్చీకి!"

పాలు పొంగుతూ ఆగాయి. కాకి అరవబోయి మానుకుంది. ఆరు సంవత్సరాల పాటు దుర్భేద్యంగా నిలిచిన కోటగోడ మీద నరసింహారావు నిలబడి కిందికి చూశాడు. అవతల శత్రువెవడూ లేడు. ఎన్నడూ లేడేమో. అది మరీ అవమానంగా తోచింది.

"ఆ మిగతా సగం అప్పుడే గట్టిగా అనాల్సిందని చెప్పమ్మా," అన్నాడు.

"ఏడుస్తూ గట్టిగా ఎట్లా అంటారో అడుగమ్మా."

"అడుగమ్మా, చెప్పమ్మా! నేనేమన్నా మైకునా?" కృపావతి గరిటెతో గిన్నె అంచు మీద ఒక్కటిచ్చింది. "ఇదుగో పోసేస్తున్నా. తాగితే తాగండి, లేకపోతే రెండు సగాలూ నేనే తాగేస్తా."

అని, ఆ వీరవనిత ఎడమచేతి మగ్గును నడుము దగ్గరా కుడిచేతి మగ్గును శిరస్సు పైనా నిలిపి, గోధుమవర్ణ జలపాతాన్ని ఆకాశం నుంచి భూమికి నాలుగుసార్లు దించి, పొగలు కక్కే ఆ ద్రవాన్ని రెండు గాజు గ్లాసుల్లోకి విభజించింది. సమానంగానే విభజించానని ఆమె నమ్మకం. కానీ కిక్కిరిసిన బస్సులో ఒక్క తల ఎక్కువైనా పసిగట్టిన కన్ను ఒకటి ఆ బల్లను చూస్తోంది. కుడి గ్లాసులో ఒక నూలుపోగంత ఎక్కువుంది. కుడి గ్లాసు రత్నం చేతికి దగ్గరగా ఉంది.

నరసింహారావు చెయ్యి చాచాడు. రత్నం కూడా చాచాడు. చాచి, ఏటి మీద ఏదో పడవను చూస్తున్నట్టు తల అటు తిప్పి, తన ముందున్నది వదిలి ఎడమ గ్లాసు అందుకున్నాడు. చూసి వదిలాడో, చూడక వదిలాడో కథకుడు చెప్పలేడు. నరసింహారావు మాత్రం అదను చూసి కుడి గ్లాసును కైవసం చేసుకున్నాడు.

తొలి గుక్క దిగింది. నాలుక కాలింది, కంఠం పులకించింది, కుడి కణతలోని గుడారాలు పీకేసుకుని శత్రువులు రేవు వైపు పారిపోయారు. మలి గుక్కకు ఎడమ కణత విముక్తమైంది. ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి తాగారు. చిక్కటి టీ. వంక పెట్టడానికి వీల్లేదు. ఇద్దరూ వెతికారు.

బందరు బస్సు వచ్చింది. డ్రైవరుకు టీ ఇవ్వడానికి కృపావతి రోడ్డు దాటింది. రత్నం బండెక్కాడు. ఎవరితో చెప్పాలో తెలియక చుట్టూ చూసి, గాలికి చెప్పాడు.

"పార్టనరుకి జొరం తగ్గలేదు. రేపు ఆరింటికి వస్తా."

కబురు అందించడానికి పందిరి కింద ప్రాణి లేదు. నరసింహారావు గొంతు సవరించుకున్నాడు. ఆరేళ్ళ తుప్పు కదా, రెండుసార్లు సవరించాల్సి వచ్చింది.

"ఆరింటికి జనం ఎక్కువ. ఐదున్నరకి రా."

"ఐదున్నరకా? చీకటి కదా బావా!"

"రాకపోతే మానెయ్."

"వస్తాలే, అరవకు."

ఇట్లు, శాలివాహన శకం తర్వాత వచ్చిన అనేక శకాల్లో ఒక కార్తీకమాసాన, దివిసీమలో, నాలుగు దినాల ఘోర ఉపవాసానంతరం, కండక్టర్ నరసింహారావు అర గ్లాసు టీనీ, పై నూలుపోగునూ, ఒక అరగంట ముందు సమయాన్నీ తన బాహుబలంతో జయించాడు. దుందుభులు మోగలేదు. బస్సు హారన్ మోగింది. ఈ గాథ చదివినవారి గ్లాసులో ఈగ పడదు. విన్నవారికి డికాక్షను కలిసొస్తుంది. సగం పుచ్చుకునే మనిషి లేనివారు నిరాశపడక్కర్లేదు. తిట్టుకున్నవాళ్ళ పేర్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. అందులో ఒకడికైనా డాక్టరు సగం తాగమనే చెప్పి ఉంటాడు.