తేలికైన పోటీ ఎక్కడ?

శనివారం ఉదయం కాఫీ చల్లారేలోగా ముగించే పనే కదా అనుకుని వరూధిని లాప్‌టాప్ తెరిచింది. బెళ్ళందూరులోని వాళ్ళ అపార్ట్‌మెంటు ఆడపిల్లల రోబో జట్టుకు ఆమే కోచ్. జట్టు మూడు పోటీలకు వెళ్ళి, మూడింటా మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టింది. "ఈ తూరి కప్పు రాకుంటే మీ రోబోల రూము టేబుల్ టెన్నిస్‌కు ఇచ్చేస్తామమ్మా" అని అసోసియేషన్ ప్రెసిడెంటు అశ్వత్థప్ప తేల్చి చెప్పేశాడు.

అందుకే రాబోయే తొమ్మిది పోటీల్లో ఏది ఎంత గట్టిదో ఆమె లెక్క కట్టింది. ఏ పోటీకి ఏ జట్లు పేరిచ్చాయి, అవి నిరుడు ఎవరి మీద ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచాయి అన్నీ చూసి, ఒక్కోదానికి నూటికి ఇన్నని మార్కులు వేసింది. నగరానికి ఆ చివరున్న పీణ్యలో జరిగే పోటీకి పదకొండే వచ్చాయి! వెంటనే దానికి తమ జట్టు పేరిచ్చేసి, ఆ సంబరంలో పట్టికను పిల్లల గ్రూపులో పెట్టాననుకుని, నగరంలోని కోచ్‌లందరూ ఉన్న గ్రూపులో పెట్టేసింది. నాలిక కరుచుకునేసరికి నలభైమంది చదివేశారు.

మధ్యాహ్నానికి పీణ్య నిర్వాహకుడు దామోదర్ ఫోన్ చేశాడు. "ఏం మాయ చేసినారు మేడమ్? పొద్దున ఎనిమిది టీములు, ఇప్పుడు యాభై రెండు! ఛాంపియన్లు కూడా వస్తా ఉండారు!"

వరూధిని కంగారుగా, 'పీణ్య ఇక తేలిక కాదు' అని గ్రూపులో రాసింది. మనల్ని రానీయకుండా ఎత్తు వేస్తోందని అందరూ అనుకున్నారు. సాయంత్రానికి ఇంకో పన్నెండు జట్లు చేరాయి. మళ్ళీ లెక్క వేస్తే పీణ్యకు తొంభై నాలుగు.

"పేరు వెనక్కి తీసుకుందాం ఫాతిమా" అంది నీరసంగా.

జట్టు కెప్టెన్ ఫాతిమాకు పదమూడేళ్ళు. పట్టికను పైనుంచి కిందికి చూసింది. "ఎందుకాంటీ? మనం ఓడిన మూడు మ్యాచ్‌లూ ఛాంపియన్ టీమ్స్‌తోనే. అదీ రెండేసి పాయింట్లతో. మీ షీట్‌లోనే ఉండాది, చూడలేదా?"

వరూధిని చూడలేదు. తేలికైన పోటీని వెతికిందే గాని, తన పిల్లల గట్టితనం లెక్క కట్టనే లేదు.

ఆ రెండు వారాలూ పిల్లలు స్కూలు బస్సు దిగడం, రోబో ముందు కూర్చోవడం. పీణ్యకు వచ్చిన మిగతావాళ్ళు మాత్రం తేలికైన పోటీకి తయారైనట్టే తయారై వచ్చారు. ఛాంపియన్లయితే అదనపు బ్యాటరీ కూడా తేలేదు. ఫైనల్లో వాళ్ళ రోబో బంతి ఎత్తి బుట్ట దాకా వచ్చి, అక్కడే నిద్రపోయింది. అది ఆగకముందే ఫాతిమా జట్టు పదకొండు పాయింట్ల ముందుంది.

"మన పిల్లలప్పా! మన పిల్లలు!" అని అశ్వత్థప్ప పక్కవాళ్ళ భుజాలు కుదిపేశాడు. రూము సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పదిమంది కోచ్‌లు ఫోన్ చేసి, వచ్చే ఏడాది ఏ పోటీ తేలికని అడిగారు.

"మేం రానిది" అంది వరూధిని.