ముప్పై ఒక్క బస్తాల పరిశుభ్రత

చొంగ్‌పో షికారు పడవల రేవులో సముద్రానికి జరుగుతున్న కాలుష్యంలో నూటికి తొంభై ఏడు పాళ్లు ఓక్ మల్సున్ అనే ఒక్క ఆడమనిషి వల్లనే జరుగుతున్నదని నిరుటి వసంతంలో అధికారికంగా తేలింది. మిగతా మూడు పాళ్లు, కాగితం కప్పులు వాడరాదని తీర్మానించడానికి జరిగిన సభలో తాగి పారేసిన కాగితం కప్పులు.

లెక్క తీసిన పద్ధతిలో లోపమేమీ లేదు. రేవు సంఘం వారు ప్రతి పడవ యజమానికీ, రేవులో వ్యాపారం చేసుకునే ప్రతివారికీ ఒక పత్రం పంపారు. అందులో ఒకటే ప్రశ్న: ‘ఈ ఏడాది మీ వద్ద పోగైన హానికర వ్యర్థం ఎన్ని కిలోలు?’ రేవులో ఉన్నవి నలభై మూడు పడవలు. నలభై మూడు మందీ సున్నా వేసి సంతకం పెట్టారు. మల్సున్ మాత్రం తన షెడ్డులోని ముప్పై ఒక్క బస్తాలనూ ఒక్కొక్కటిగా కాటా మీదికెక్కించి, వెయ్యిన్నూట నలభై అని రాసింది. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆమె తూకం ఒక్కసారీ తప్పలేదు. అదే ఆమె చేసిన తప్పు.

పడవ నీళ్లలో ఊరికే నిలబడితే దాని అడుగున మొదట జిగురు, తర్వాత నాచు, ఆ తర్వాత గుల్లలు పడతాయి. అవి పట్టకుండా అడుగుకు రాగి విషం కలిసిన రంగు పూస్తారు. ఏడాదికోసారి ఆ పాత రంగును గుల్లలతో సహా గీకేసి కొత్తది పూయాలి. మల్సున్ బతుకుతెరువు అదే. పడవను పట్టాల మీదుగా ఒడ్డుకు లాగి, కింద టార్పాలిన్ పరచి, ముక్కుకు మాస్కు కట్టుకొని గీకేది. కడిగిన నీళ్లు మూడు గుంటల్లో ఒకదాని తర్వాత ఒకటిగా తేరుకుంటేనే గాని బయటికి పోయేవి కావు. గీకిన పొడి బస్తాల్లోకి పోయేది. ఏటా చలికాలం మొదట్లో ప్రమాదకర వ్యర్థాల లారీ వచ్చి, బస్తాకింత చొప్పున ఆమె దగ్గరే పుచ్చుకొని, వాటిని తీసుకుపోయేది. సరుకూ ఇచ్చి పైగా డబ్బూ ఇచ్చే వ్యాపారి ఈ తీరంలో తానొక్కతేనని ఆమె నవ్వుతూ చెప్పుకొనేది.

రెండో పద్ధతి కూడా ఒకటుంది. పడవను కట్టినచోటే ఉంచి, మునిగే మనిషిని పిలిపించి నీళ్లలోనే గీకించడం. ఖర్చు సగం. పొడి కంటికి కనబడదు. పత్రంలో సున్నా వేయడానికి ఇంతకంటే నిజాయితీ గల మార్గం లేదు. వారి వద్ద నిజంగానే ఏమీ పోగుపడలేదు.

ఆ రేవులో పడవ ఉన్న ప్రతివారినీ చైర్మన్ గారు అనే పిలవాలి. ఎవరు దేనికి చైర్మనో అడగడం మర్యాద కాదు. హ్వాంగ్‌బో గారు సంఘానికి కూడా చైర్మన్ కనుక ఆయన పెద్ద చైర్మన్. సముద్రమంటే ఆయనకు ప్రాణం. కిందటేడు తన పడవను నాలుగుసార్లు సముద్రంలోకి తీసుకువెళ్లారు, రెండుసార్లు ఫోటో కోసం. తక్కిన రోజుల్లో దాన్ని రేవుకే కట్టి ఉంచి, పైన కూర్చుని పందిమాంసం కాల్చుకుంటూ సముద్రం పాడైపోతున్నదని బాధపడతారు.

ఆ బాధతోనే నెలకోసారి తీరం శుభ్రం చేసే కార్యక్రమం పెట్టారు. ఊరి పారిశుద్ధ్యం వాళ్లు పొద్దున్నే ఊడ్చిపోతారు కనుక చైర్మన్లకు చెత్త దొరికేది కాదు. అందుకని సంఘం గుమాస్తా ముందుగానే చేపల బజారు నుంచి రెండు బస్తాల చెత్త తెచ్చి ఇసుక మీద అందంగా వెదజల్లుతాడు. ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కొని అందరూ ఏరుతారు. పిడికిళ్లు బిగించి ఫోటో దిగుతారు. వెనక ‘ప్లాస్టిక్ లేని సముద్రం’ అని ఎనిమిది మీటర్ల ప్లాస్టిక్ బ్యానరు. దాని కింద పోయిన నెల బ్యానరు, దాని కింద అంతకుముందు నెలది.

ఇంత శుభ్రత ఉన్నచోట తొంభై ఏడు పాళ్లు అనే మాట బాధించకుండా ఉంటుందా? సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మల్సున్‌ను కూడా పిలిచారు.

“సముద్రం మన తల్లి,” అన్నారు పెద్ద చైర్మన్. “తల్లి ఒడిలో విషం బస్తాలు పేర్చిన వాళ్లని చరిత్ర క్షమించదు. నేను వ్యక్తుల గురించి మాట్లాడను. షెడ్డు గురించే మాట్లాడుతున్నాను. రేవులో షెడ్డు ఒక్కటే ఉంది, అది వేరే సంగతి.”

మల్సున్ లేచింది. “చైర్మన్ గారూ, ఆ బస్తాల్లో ఉన్నది మీ పడవల మురికే కదండీ. నా దగ్గరికొచ్చినవి పదమూడు పడవలు. పదమూడింటికే ఇంత వచ్చింది. మిగతా ముప్పై పడవలది ఎక్కడుందో ఎవరన్నా చెప్తారా?”

“లేనిదాన్ని ఎక్కడుందంటే ఎట్లా చెప్పమంటావు షెడ్డమ్మా? సున్నా అని రాసి ఉంది కదా.”

“మా ఇంట్లోనూ అంతే,” అన్నాడు వెనకనుంచి ఒక చిన్న చైర్మన్. “చెత్తబుట్ట తీసేశాం. అప్పట్నుంచి ఇంట్లో చెత్తే లేదు.”

ఆ మాటకు అందరూ నవ్వారు గాని, మినిట్సు పుస్తకంలో దాన్ని సూచనగా రాసుకున్నారు. జూన్ ఆఖరుతో షెడ్డు గడువు ముగుస్తుందనీ, పొడిగించేది లేదనీ తీర్మానం. పట్టాలు, గుంటలు, క్రేను అన్నీ ఆ నేలలో పాతుకున్నవే. నేల పోతే మల్సున్ చేతిలో మిగిలేది గీకుడు కత్తి ఒక్కటే.

ఆ సాయంత్రం ఆమె కిల్జా దగ్గరికి పోయింది. రేవు మొగకు అవతల సముద్రంలో తాళ్లు వేలాడదీసి ఆల్చిప్పలు పెంచే మనిషి కిల్జా. పేరుకు అక్కే గాని నోటికి అత్తగారు.

“పత్రం ఇచ్చారు గదా అని నిజం రాస్తారటే ఎవరన్నా?” అంది కిల్జా, చిప్ప విప్పుతూ.

“అడిగారు గదక్కా.”

“అడిగితే చెప్పేస్తావా? నన్ను వయసడిగితే నేను చెప్తున్నానా?”

“నీకు అడగడమెందుకు, ముఖమ్మీదే రాసుంది.”

కిల్జా నవ్వలేదు. “వినవే. నీ షెడ్డు పోతే ఆ పదమూడు పడవల్నీ నీళ్లలోనే గీకుతారు. ఆ పొడి ఎటు కొట్టుకొస్తుంది? నా తాళ్ల మీదికే. నువ్వు బస్తాలు లెక్కపెట్టుకో, నేను చచ్చిన చిప్ప పిల్లల్ని లెక్కపెట్టుకుంటా.”

జూన్ ఆఖరున షెడ్డుకు తాళం పడింది. లారీ వచ్చేది చలికాలంలో కనుక మల్సున్ బస్తాలన్నీ తన ఇంటి పెరట్లోకి చేర్చుకుంది. జూలై మొదటి తారీఖున చొంగ్‌పో రేవు కాలుష్యం సున్నాకు దిగింది. ఒక్క రాత్రిలో ఇంత మార్పు దేశంలో మరే రేవూ సాధించలేదు. ‘మచ్చలేని రేవు’ అని కొత్త బోర్డు పెట్టి, దాని ముందు పంది తల ఉంచి పూజ చేశారు. బజారులో నవ్వు ముఖం ఉన్న పంది తలకు ధర ఎక్కువ. సంఘం అన్నిటికంటే బాగా నవ్వుతున్నదాన్నే కొన్నది. చైర్మన్లు ఒక్కొక్కరే వంగి దండం పెట్టి, దాని నోట్లో నోట్లు దోపారు. ఆ వారంలోనే పదమూడు పడవల కింద మునిగేవాళ్లు దిగారు. నీళ్లు రెండు రోజులు ఎర్రగా ఉండి, తర్వాత మర్యాదగా తేటపడ్డాయి.

సెప్టెంబరులో రాష్ట్ర కార్యాలయంలో అధికారి మారాడు. కొత్త అధికారికి కొత్త ఆలోచన వచ్చింది: శుభ్రతకు కొలమానం కృషి, కృషికి కొలమానం సేకరించిన వ్యర్థం. సున్నా సేకరించిన రేవు సున్నా కృషి చేసినట్టు. చొంగ్‌పో జాబితాలో అట్టడుగుకు పోయింది. గురువారం తనిఖీ. అప్పటికీ వ్యర్థం చూపకపోతే బోర్డు దించాలి, నీళ్ల మీద తేలే కొత్త వంతెనలకు రావలసిన నిధులు రద్దు.

సోమవారం పొద్దున పెద్ద చైర్మన్ డబ్బా మాంసం పెట్టె ఒకటి పట్టుకొని మల్సున్ ఇంటికి వచ్చారు. చూసోక్ పండుగకు అందరూ అందరికీ ఇచ్చే పెట్టే అది. అయితే పండుగ ఇంకా పది రోజులుంది.

“ఓక్ చైర్మన్ గారు బాగున్నారా?” అన్నారు.

“నాకు పడవ లేదండీ.”

“బస్తాలున్నాయి కదా. అందరం సముద్రం బిడ్డలమే. ఆ బస్తాలు మాకిచ్చేయండి. మంచి ధర కట్టిస్తాను.”

“అమ్మకూడదండీ. విషం సరుకు, లారీకి తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదని చట్టం. కావాలంటే చూపించుకోడానికి తీసుకెళ్లండి. చూపించి తిరిగివ్వాలి.”

“అద్దె ఎంత?”

“షెడ్డు. పదేళ్లకు. కాగితం మీద.”

“పదేళ్లంటే... కమిటీని అడగాలమ్మా.”

“అడగండి, తొందరేముంది. తనిఖీ గురువారమే గదా.”

కమిటీ బుధవారం మధ్యాహ్నానికి ఏకగ్రీవంగా ఒప్పుకుంది.

పడవలు నలభై మూడు, బస్తాలు ముప్పై ఒకటి. దానికేమంత ఇబ్బంది కలగలేదు. అధికారి ఒక పడవలో నాలుగు బస్తాలు చూసి దిగి, పక్కదానిలో కాఫీ తాగేలోపు తోపుడుబండి మీద ఆ నాలుగూ ముందున్న పడవకు చేరేవి. వాటిలో ఒక బస్తా చెవి చినిగితే మల్సున్ ఎర్రదారంతో కుట్టి ఉంది. ఆ ఎర్రదారాన్ని అధికారి ఆరుసార్లు చూశాడు. ఆరోసారి ఆగి, “ఇంతమంది యజమానులు ఒకే తీరు కుట్టు పాటించడం నేనెక్కడా చూడలేదు,” అని మెచ్చుకొని రాసుకున్నాడు. మొత్తం ఆరువేల మూడువందల ఇరవై అయిదు కిలోలు. చొంగ్‌పో రాష్ట్రంలో మొదటి స్థానానికి వచ్చింది. వచ్చే ఏడాదికి పది శాతం పెంచాలని లక్ష్యం ఇచ్చారు.

మల్సున్ షెడ్డు తాళం తీసింది. పట్టాలకు గ్రీజు పూసింది. గుంటలు కడిగి ఎండబెట్టింది. మాస్కులు కొత్తవి కొన్నది. నెల గడిచినా ఒక్క పడవ రాలేదు. ఉండబట్టలేక పెద్ద చైర్మన్‌నే అడిగింది.

“పైకి లాగడమెందుకు ఇంక?” అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. “బస్తాలు మీ దగ్గరున్నాయి కదా.”

రాని పడవల బదులు ఫోన్లు వచ్చాయి. పై తీరపు రేవు వాళ్లకు శుక్రవారం తనిఖీ, బస్తాలు అద్దెకు కావాలి. దాని పక్క రేవుకు సోమవారం. గీకే పనిలో నెలకు వచ్చేది వారంలో వచ్చింది, అదీ చేతికి మసి అంటకుండా.

నవంబరులో లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. మల్సున్ కాసేపు నిలబడి లెక్క చూసుకుంది. ఇస్తే బస్తాకింత ఎదురివ్వాలి. ఉంచితే బస్తాకింత రోజూ వస్తుంది. చట్టం సంగతి డ్రైవరు ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. లారీ ఖాళీగా వెనక్కి పోయింది. ఆమె ఎర్రదారం తెచ్చి, మిగతా ముప్పై బస్తాల చెవులు కూడా గట్టిగా కుట్టింది. తిరిగే సరుకు కదా, మన్నాలి.

బహుమతి విందు షెడ్డులోనే జరిగింది. ఊళ్లో అంత శుభ్రంగా ఉన్న చోటు ఇంకొకటి లేదు. మళ్లీ పంది తల, మళ్లీ నవ్వు. కిల్జా ఆల్చిప్పలు మంచుగడ్డల మీద పరిచారు. ఈసారి వాటి అంచులకు లేత ఆకుపచ్చ రంగు తిరిగింది. పర్యావరణానికి తగిన రంగేనని పెద్ద చైర్మన్ మెచ్చుకొని, కారం నంజుకుంటూ రెండు డజన్లు తిన్నారు.

“నువ్వు తినవేంటే?” అంది కిల్జా.

“నువ్వు పెంచినవేగా. ముందు నువ్వు తినక్కా.”

“పాత రాగి చెంబు నాకినట్టుంది.” కిల్జా గొంతు తగ్గించింది. “లారీకి బస్తాలెందుకియ్యలేదు?”

“నువ్వు వీటినెందుకు అమ్ముతున్నావు?”

ఇద్దరూ తినే పుల్లలు బల్ల మీదే ఉంచి, బియ్యం కల్లు మాత్రం తాగారు.

చొంగ్‌పో ఆల్చిప్పల డబ్బా మీద ఇప్పుడు ‘అతి శుభ్రమైన తీరం నుంచి’ అనే ముద్ర ఉంటుంది. ముద్ర పడిన డబ్బాకు అయిదో వంతు ధర ఎక్కువ, అయినా నిలవ ఉండడం లేదు. కిల్జా తన ఇంటికి మాత్రం పై తీరం నుంచి తెప్పించుకొనేది. ఈ మధ్య అక్కడి డబ్బాలకూ అదే ముద్ర వచ్చిందని తెలిసి, ఇంకా అవతలి ఊరికి బస్సెక్కి పోతున్నది. ముద్ర లేని ఆల్చిప్పలు ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పమని కనబడినవారినల్లా అడుగుతున్నది. ఆమె సంగతి ఆమెది. మీరు మాత్రం ఎప్పటిలాగే ముద్ర చూసే కొనండి.