వెర్నా బొమ్మ ఒప్పుకుంది

విశ్వాసం గల అభిమానిని గౌరవించాలంటే ముందు ఆ అభిమానిని కూర్చున్నచోటి నుంచి లేపక తప్పదని హాల్డెన్ హెరాన్స్ బేస్‌బాల్ క్లబ్బు నిరుడు మార్చిలో సిద్ధాంతీకరించింది. హెరాన్స్ అంటే కొంగలు. అమెరికాలో ఎరీ సరస్సు ఒడ్డున ఈ కొంగలు ఒంటికాలి మీద జపం చేయబట్టి తరాలు గడిచాయి. కప్పు మాట అటుంచి, కప్ప కూడా చిక్కలేదు. అయినా జనం ఏటేటా మొత్తం సీజన్‌కు టికెట్లు ముందే కొంటారు. వాళ్ల రుణం తీర్చుకోవడానికి ఆటలు మొదలయ్యే ముందు క్లబ్బు ఒక కృతజ్ఞతా దినం జరుపుతుంది.

ఆ దినాన టికెట్‌దారులకు సామాన్యుల కంటే ముందు ప్రవేశం. అందుకని వెండి వరుస, బంగారు వరుస, ప్లాటినం వరుస వేరువేరుగా పెట్టారు, మూడూ మంచులో పార్కింగ్ చివరిదాకా సాగాయి. సామాన్యుల వరుసలో ఒక్కడే నిలబడ్డాడు. అతను మరుగుదొడ్డి వెతుక్కుంటూ వచ్చినవాడు. అందరికంటే ముందు లోపలికి వెళ్లింది అతనే.

ప్లాటినం వరుసలో వెర్నా కుబిచెక్ ముక్కు తుడుచుకుంటూ నిలబడి ఉంది. జీవితమంతా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆమె వెనక డెల్మర్ హోఫ్, ఇళ్ల పైకప్పులు వేసి వేసి నడుం వంగినవాడు. స్టేడియంలో మూడో బేసు వైపు వాళ్లిద్దరివీ పక్కపక్క కుర్చీలు.

"ఈ ఏడు కూడా నీ మొహమే చూడాలా దేవుడా?" అన్నాడు డెల్మర్.

"నీది చూసి చూసే నాకు కళ్లజోడు పడింది. నోరు మూసుకుని వెనకాలే నడువు."

వెర్నా ఆట చూడటానికి వస్తుందంటే అది సగం నిజం. మిగతా సగం డెల్మర్‌తో పోట్లాడటానికి వస్తుంది. బంతి విసిరే పిచర్ కాస్త అలిసినట్టు కనబడితే చాలు, వాణ్ణి మార్చెయ్యాలంటాడు డెల్మర్. ఉంచాలంటుంది వెర్నా. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇద్దరి మాటా కలవలేదు. ఇంటి దగ్గర ఆమె మాటకు ఎదురు చెప్పడానికి ఒక్క ప్రాణి లేదు, అది ఆమెకు భరించరాని లోటు. అందుకే కానుకలతో ఆమెకు పని లేదు. ఆ కుర్చీ ఉంటే చాలు.

కానుకలు మాత్రం ఘనంగానే ఉన్నాయి. ఏప్రిల్ చలికి విసనకర్ర, ఆగస్టు ఎండకు ఉన్ని దుప్పటి, ఆట లేని రోజుల్లో హాట్‌డాగ్ మీద రాయితీ. (అంతకు ముందేడు గొడుగులు పంచారు. లోపలికి గొడుగులు తేకూడదన్న నిబంధన ప్రకారం గేటు దగ్గరే వాటిని వెనక్కి తీసుకున్నారు.)

లోపల వేదిక మీద కృతజ్ఞతల విభాగం ఉపాధ్యక్షుడు ట్రెవర్ లాస్కి ముసుగు తీశాడు. ముసుగు కింద జానెడు బొమ్మ. స్ప్రింగు మీద పెద్ద తల, తలకు క్లబ్బు టోపీ, ముక్కు చివర కళ్లజోడు. ఆటగాళ్ల రూపంలో చేసి జనానికి పంచే తలూపే బొమ్మే, కాకపోతే ఈసారి ఆ రూపం వెర్నాది.

"ఈ ఏటి ఉత్తమ అభిమాని!" అన్నాడు ట్రెవర్.

వెర్నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధమెందుకు, చాలా గర్వపడింది. బొమ్మకు తన పోలిక వాడుకోవచ్చని చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

"అచ్చం నువ్వే. లోపలంతా బోలు," అన్నాడు డెల్మర్.

తర్వాత ట్రెవర్ ఆమెను గదిలోకి పిలిచి కుర్చీ వేశాడు. "వెర్నా గారూ, మీ స్థాయికి ఆ చెక్క కుర్చీ తగదండి. మిమ్మల్ని పైన అద్దాల గదిలోకి మారుస్తున్నాం. వెచ్చగా ఉంటుంది. తినడానికి మొక్కజొన్న నాచోలు ఉచితం."

"డెల్మర్‌కో?"

"ఆయన ఉత్తమ అభిమాని కాదు కదండీ."

"అయితే నాకొద్దు బాబూ. నా కుర్చీ నాకుంచండి."

"మీ సమ్మతి ఇదివరకే తీసుకున్నామండి."

"ఎవర్నడిగారు?"

ట్రెవర్ బొమ్మను బల్ల మీద పెట్టి వినయంగా ముందుకు వంగాడు. "వెర్నా గారూ, అద్దాల గది మీకు సమ్మతమేనా?" అని బల్లను వేలితో తట్టాడు. బొమ్మ గంగిరెద్దులా తలూపింది. మూల కూర్చున్న గుమస్తా రాసుకుంది.

అసలు వెర్నా తల అడ్డంగా ఊపింది. ఆ తల క్లబ్బులో నమోదు కాలేదని, నమోదైన పోలిక బొమ్మదేనని ట్రెవర్ విచారంగా వివరించాడు. రౌడీ పిల్లల బస్సును మంచులో నడిపిన మనిషి అంత తేలిగ్గా ఊరుకుంటుందా? తనే బల్లను ఒక్క చరుపు చరిచింది.

"ఏమమ్మా, ఈ ట్రెవర్ ఒట్టి వెధవేనా?"

బొమ్మ గట్టిగా ఒప్పుకుంది. గుమస్తా దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మరి నా కుర్చీ నాకే ఉండాలా?"

బొమ్మ దానికీ ఒప్పుకుంది.

ట్రెవర్ నవ్వు చెదరలేదు. "నిబంధన ప్రకారం బొమ్మ సీజన్‌కు ఒక్కసారే తలూపినట్టు లెక్కండి. మిగతాదంతా గాలి."

తొలి ఆటనాడు వెర్నా అద్దం వెనక కూర్చుంది. వెచ్చగానే ఉంది, నాచోలు వస్తూనే ఉన్నాయి. బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు మాత్రం రాలేదు. ఆమె కుర్చీని క్లబ్బు ఎవరికో లాటరీలో ఇచ్చింది. లాటరీ గెలిచినవాడు రాలేదు. టీవీలో ఖాళీగా కనబడితే పరువు తక్కువని ఆ కుర్చీలో బొమ్మను పెట్టారు.

ఏడో ఇన్నింగ్స్‌లో పిచర్ అలిసిపోయాడు. కింద డెల్మర్ పక్కకు తిరిగి ఏదో అనడం వెర్నా చూసింది. ఏమన్నాడో ఆమెకు వినక్కర్లేదు.

"వద్దురా! ఉంచండి వాణ్ణి!" అని అద్దం మీద బాదింది. వడ్డించే అమ్మాయి ఇంకో పళ్లెం నాచోలు తెచ్చిపెట్టింది. కింద గాలి వీచింది, బొమ్మ తలూపింది. డెల్మర్ దానివంక కాసేపు చూసి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత మైదానం వైపు చూడలేదు.

సాయంత్రం ఫోన్ చేశాడు.

"వెర్నా, నేనేమన్నా ఔననే అంటోందే అది."

"సంతోషమేగా. ఇన్నాళ్లూ నువ్వు కోరుకున్నదేగా?"

"నా బొంద. ఆటే చూడబుద్ధి కాలేదే."

"క్లబ్బుకు ఫిర్యాదు రాయి. గట్టిగా రాయి," అంది వెర్నా.

డెల్మర్ రాశాడు, గట్టిగానే రాశాడు. ఒక కుర్చీ గురించి ఇంతగా బాధపడ్డ అభిమాని తమ చరిత్రలోనే లేడని క్లబ్బు కదిలిపోయింది. ఈ మార్చిలో కృతజ్ఞతా దినాన ట్రెవర్ మళ్లీ ముసుగు తీశాడు. ఈసారి బొమ్మకు నడుం కాస్త వంచి చేశారు.

"నాకూ గౌరవం చేశారే," అన్నాడు డెల్మర్ బిక్కమొహం వేసుకుని.

వెర్నాకు ప్రాణం లేచొచ్చింది. "పోన్లే, పైన కూర్చుని పోట్లాడుకుందాం. ఏ గది?"

"మొదటి బేసు వైపు. మైదానానికి అవతల."

మూడో బేసు వైపు ఆ రెండు కుర్చీల్లో ఇప్పుడు రెండు బొమ్మలూ పక్కపక్కనే కూర్చుని, గాలి వీచినప్పుడల్లా ఒకదాని మాటకు ఒకటి తలూపుకుంటున్నాయి. ఆ వరుసలో అభిమానుల మధ్య అభిప్రాయభేదాలు పూర్తిగా తొలగిపోయాయని క్లబ్బు ప్రకటించింది.